ముందు జాగిలం, తరువాత హ్యాండ్లర్

సైన్స్ ఫిక్షన్ యుద్ధక్రీడల బొమ్మలకు రంగులు వేసే పాఠకులు ఈసారి పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే జంట చుట్టూ తిరిగాయి: కవచం తొడుక్కున్న హ్యాండ్లర్ (జాగిలాన్ని నడిపించే సైనికుడు), అతని పక్కన నిలబడిన జాగిలం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: 28 మిల్లీమీటర్ల హ్యాండ్లర్, జాగిలం బొమ్మలను కొన్నాను. నా దళమంతటికీ ముదురు ఆకుపచ్చ, గోధుమ రంగులు వాడుతున్నాను కనుక ఈ జంటను కూడా వాటితోనే పూర్తి చేశాను. చేతిలో పట్టుకొని చూస్తే బాగానే ఉంది. ఆట బల్ల మీద పెట్టేసరికి మాత్రం కుక్క నేలలో కలిసిపోయి, హ్యాండ్లర్ కాళ్ల దగ్గర పడేసిన సంచిలా కనిపిస్తోంది. ఎక్కడ పొరపాటు చేశాను?

జవాబు: మీరు రంగులను ఎంచుకున్న వరుసలో పొరపాటు ఉంది. చాలామంది మొదట సైనికుడి యూనిఫాం నిర్ణయించుకొని, అతనికి వేయగా పళ్లెంలో మిగిలిన రంగులతో కుక్కను ముగిస్తారు. నేను దీనికి తలకిందులుగా చేయమంటాను. యూనిఫాం కల్పితమైనది; రాబోయే ఏ శతాబ్దపు సేనకైనా మీరు నీలం వేయవచ్చు, ఊదా వేయవచ్చు, కాదనే వారుండరు. కుక్క విషయంలో ఆ స్వేచ్ఛ లేదు. కుక్కల వెంట్రుకల రంగులన్నీ రెండే వర్ణకాల నుంచి వస్తాయి. నలుపును గానీ ముదురు గోధుమను గానీ ఇచ్చేది యూమెలనిన్; ఎరుపు నుంచి లేత పసుపు దాకా ఇచ్చేది ఫియోమెలనిన్. ఈ రెండూ చిక్కబడటం, పలచబడటం, కొన్నిచోట్ల అసలే లేకపోవటం వల్లనే మనం చూసే నల్లకుక్కలు, ఎర్రకుక్కలు, బూడిదరంగు కుక్కలు, తెల్లమచ్చల కుక్కలు ఏర్పడతాయి. చూసేవారికి లేజర్ తుపాకీ ఎలా ఉంటుందో తెలియదు కానీ కుక్క ఎలా ఉంటుందో పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందుచేత కుక్క నిజమైనదిగా కనిపిస్తే పక్కనున్న వింత కవచాన్ని కూడా కన్ను నమ్ముతుంది.

కాబట్టి ముందు జాగిలం జాతినీ దాని ఒంటి రంగునూ తేల్చుకోండి. సైనిక జాగిలాల్లో ఎక్కువగా కనిపించే బెల్జియన్ మాలినోయి, జర్మన్ షెపర్డ్ రెండూ వెచ్చని గోధుమ ఛాయలవే కనుక, హ్యాండ్లర్ బట్టలకు చల్లని రంగు, అంటే నీలం కలిసిన బూడిద గానీ మాసిన ఆకుపచ్చ గానీ తీసుకుంటే రెండు ఆకారాలూ దేనికది విడిగా నిలుస్తాయి. ఆ తరువాత ఈ ఇద్దరూ ఒక జంట అని చెప్పే రంగు ఒకటి కావాలి. కుక్క హార్నెస్‌కు (ఒంటికి కట్టే పట్టీలకు) వేసిన నారింజనో పసుపునో హ్యాండ్లర్ భుజం పట్టీ మీద మరొక్కచోట వేస్తే చాలు. మూడోచోట వేయాలన్న కోరిక తప్పక కలుగుతుంది, దాన్ని ఆపుకోవాలి.

ఇప్పటికే పూర్తయిన మీ జంటను కడిగి మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు. ఆటలో బొమ్మకూ కంటికీ మధ్య దాదాపు మీటరు దూరం ఉంటుంది. ఆ దూరం నుంచి ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. కుక్క వీపూ నేలా ఒకే బూడిద రంగులో కనిపిస్తే మీ ఇబ్బంది వెలుగు నీడలకు సంబంధించినది. బేస్ (బొమ్మ నిలబడే చిన్న పీఠం) మీది మట్టిని రెండు మెట్లు లేతగా మార్చి, కుక్క వీపు అంచునూ చెవుల కొసలనూ కొంచెం వెలిగించి, హార్నెస్‌కు పైన చెప్పిన రంగు వేయండి. ఒక సాయంత్రం పని.

ప్రశ్న: జర్మన్ షెపర్డ్ వీపు మీది నల్లని జీను మచ్చను ఎలా వేసినా అతికించిన గుడ్డలా కనిపిస్తోంది. వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీయటానికి కూడా ప్రయత్నించాను, పులిచారల్లా వచ్చాయి.

జవాబు: ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. 28 మిల్లీమీటర్లు అన్నప్పుడు సాధారణంగా పాదాల నుంచి కళ్ల దాకా ఉన్న ఎత్తును లెక్కిస్తారు. 175 సెంటీమీటర్ల మనిషికి కళ్లు నేలకు దాదాపు 163 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయి కనుక, బొమ్మ అసలు మనిషిలో సుమారు 58వ వంతు. జర్మన్ షెపర్డ్ మగకుక్క భుజం దగ్గర 60 నుంచి 65 సెంటీమీటర్లు ఉంటుంది; ఆ లెక్కన మీ బొమ్మ 11 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. అయిదు సెంటీమీటర్ల వెంట్రుక ఇక్కడ మిల్లీమీటరు కన్నా తక్కువకు వస్తుంది, దాని మందమైతే కంటికి ఆననే ఆనదు. అందువల్ల ఎంత సన్నని కుంచెతో గీసినా మీరు గీసేది వెంట్రుకను కాదు, తాడును. వెంట్రుకలను వదిలిపెట్టి, అవి గుంపులు గుంపులుగా పడి ఉన్న తీరును వేయాలి.

ఓకర్ పసుపులో గోధుమ కలిపి, పాలలా జారేటట్లు నీటితో పలచన చేసి, రెండు పలుచని పూతలుగా ఒళ్లంతా వేయండి. మొదటి పూత పూర్తిగా ఆరకముందే రెండోది వేస్తే కిందిది లేచివస్తుంది. ఆరిన తరువాత ముదురు గోధుమ వాష్ (సందుల్లోకి జారే పలుచని రంగు) ఇచ్చి, అది పొట్ట కిందా కాళ్ల సందుల్లోనూ మడుగు కట్టకుండా తడి కుంచెతో పీల్చేయండి. ఆపైన చాలామంది డ్రై బ్రష్ చేస్తారు, అంటే దాదాపు పొడిగా ఉన్న కుంచెతో ఎత్తైన చోట్ల రుద్దుతారు. పెద్ద మృగాల బొమ్మలకు అది బాగుంటుంది కానీ, 11 మిల్లీమీటర్ల కుక్క మీద సుద్దపొడి చల్లినట్లు మిగులుతుంది. కుంచెను కాస్త తడిగా ఉంచి, రంగును కాగితం మీద చాలామటుకు తుడిచేసి, వెంట్రుకలు వాలిన దిక్కుకు అడ్డంగా తేలికగా ఆడించటమే నాకు నచ్చిన పద్ధతి.

ఇక నల్లమచ్చ. దానికి సీసాలోని నలుపును నేరుగా వాడకండి. ముదురు గోధుమలో నలుపు కలిపిన రంగు వేస్తే పక్కనున్న ఓకర్‌తో దానికి చుట్టరికం ఉంటుంది. మచ్చను వేయదలచినదాని కన్నా చిన్నదిగా వేసి ఆపండి. తరువాత నలుపుకూ గోధుమకూ నడిమి రంగు ఒకటి కలుపుకొని, మచ్చ అంచు నుంచి బయటికి పొట్టి గీతలు లాగండి. గీతలన్నీ వెంట్రుకలు వాలే దిక్కునే పోవాలి: ముక్కు మీద నుంచి తల వెనక్కి, మెడ నుంచి వీపు వెంట తోకకు, రొమ్ము మీదా కాళ్ల మీదా కిందికి. ఈ దిక్కు ఒక్కచోట తప్పినా, తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయినా, చూసేవారికి ఏదో తేడాగా అనిపిస్తుంది. గీతలు ఒకే పొడవున ఉండకూడదు. అంచును పళ్లచక్రంలా చేసేవి సమానమైన గీతలే.

పొట్టభాగం దగ్గర ఒక చిక్కు ఉంది. కుక్కల పొట్ట, కాళ్ల లోపలివైపు చాలాసార్లు సహజంగానే లేతగా ఉంటాయి. మనమేమో పైనుంచి వెలుగు పడుతున్నట్లు వీపును లేతగా, పొట్టను ముదురుగా వేస్తాము. రెండూ కలిస్తే కుక్క చదునుగా తయారవుతుంది. జంతువుల విషయంలో జరిగేది సరిగ్గా ఇదే. పొట్ట తెల్లగా ఉండటం వల్ల కింది నీడ రద్దయి, ఆకారం గుండ్రదనం కోల్పోయి పరిసరాల్లో కలిసిపోతుంది. 1896లో ఈ సూత్రాన్ని వివరించిన అబట్ థేయర్ స్వయంగా చిత్రకారుడు కావటంలో వింతేమీ లేదు. ప్రకృతి దాచటానికి చేసిన ఏర్పాటును మనం చూపటానికి మార్చుకోవాలి కనుక, పొట్టకు మీగడ రంగు వేయండి కానీ అందులో బూడిద, ఊదా చిటికెడు కలపండి. రంగు లేతదే అయినా వెలుగు పడిన భుజం కన్నా ఒక మెట్టు చీకటిగా ఉండాలి.

మాలినోయి అయితే పని ఇంకా సులువు. ఒళ్లంతా ఎర్రగోధుమ, మూతీ చెవులూ నలుపు, వీపు మీది వెంట్రుకల కొసలకు కాస్త నలుపు. తొలిసారి వేసేవారికి నేను దీన్నే సూచిస్తాను. రంగుల బ్రాండు సిటాడెల్ 2019లో కాంట్రాస్ట్ పేరుతో తెచ్చిన రంగుల వంటివి, లేత ప్రైమర్ (రంగు నిలవటానికి ముందుగా వేసే పూత) మీద ఒక్క పూతతో నీడా వెలుగూ ఇచ్చేవి, ఈ జాతికి బాగా కలిసివస్తాయి.

తెల్లమచ్చలు పెట్టదలచిన వారికి ఒక మాట. పిండదశలో రంగు కణాలు వెన్ను వైపు నుంచి బయలుదేరి ఒళ్లంతా పాకుతాయి. అవి చివరగా చేరవలసిన చోట్లు, అంటే పాదాలు, రొమ్ము, మూతి, తోక కొన, ముందుగా తెల్లగా మిగిలిపోతాయి. కాళ్లూ రొమ్మూ నల్లగా ఉంచి వీపు నడుమ తెల్లమచ్చ పెడితే అది మచ్చలా కాక, రంగు రాలిన చోటులా కనిపిస్తుంది.

ప్రశ్న: కుక్క కళ్లు ఎలా వేయాలి? హ్యాండ్లర్ కళ్ల లాగానే తెలుపు వేసి నల్లచుక్క పెట్టాను.

జవాబు: అందుకే అది జడుసుకున్నట్లు చూస్తూ ఉంటుంది. నా మొదటి జాగిలం కూడా అలాగే దయ్యాన్ని చూసినట్లు ఉండేది. మామూలుగా చూసేటప్పుడు కుక్క కంటిలో తెలుపు దాదాపు కనబడదు. కంటి గుంటలో నలుపు పెట్టి, ఓపిక ఉంటే దాని లోపల ముదురు గోధుమ చుక్క పెట్టి, పై అంచున సూదిమొనంత తెలుపు మెరుపు ఉంచండి. మెరుపు రెండు కళ్లలోనూ ఒకే వైపు ఉండాలి. చీకట్లో మెరిసే ఆకుపచ్చ కళ్లు కావాలని మరొకరు అడిగారు. కుక్క కన్ను తనంతట తాను వెలగదు. రెటీనా వెనక ఉన్న అద్దం లాంటి పొర బయటి వెలుగును తిప్పి పంపుతుంది. హ్యాండ్లర్ చేతిలో కుక్క వైపు తిరిగిన దీపం ఉంటే ఆ మెరుపు నప్పుతుంది, లేకపోతే నప్పదు.

ప్రశ్న: నా జాగిలానికి ముందరి కాలు ఒకటి యంత్రం, ఒక కంటి చోట ఎర్రని లెన్స్ ఉంది. లోహమూ వెంట్రుకలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ముద్దలా ఉన్నాయి.

జవాబు: ఇక్కడ రంగు కన్నా అంచు ముఖ్యం. వెంట్రుకల మీద ఒక ఛాయ మరొక ఛాయలోకి మెత్తగా జారుతుంది. లోహం మీద వెలుగు అంచు దగ్గర కత్తితో కోసినట్లు ఆగుతుంది. కాలి పలకల అంచులన్నింటికీ సన్నని లేత గీత ఇచ్చి, వెంట్రుకల మీద అలాంటి గీత ఒక్కటి కూడా లేకుండా చూసుకుంటే సగం పని అయినట్లే. లోహపు రంగుల్లో మెరిసే సన్నని రేకుల పొడి ఉంటుంది. కుంచె కడిగిన నీటిలో అది తేలుతూ ఉండి, తరువాత వేసే గోధుమ రంగులో చేరి, కుక్క ఒంటి మీద అభ్రకం చల్లినట్లు మెరుస్తుంది. లోహానికి వేరే నీళ్లు, వేరే పళ్లెం, వీలైతే వేరే కుంచె పెట్టుకోండి.

రంగు లేచిన గుర్తులు ఇష్టం వచ్చిన చోట వేయకండి. కాలు నేలకు తగిలే వేళ్లు, మడిచినప్పుడు రాసుకునే కీలు, హార్నెస్ ఒరుసుకునే భుజం పలక, ఈ మూడు చోట్లే అరుగుతాయి. స్పాంజి ముక్కతో ముదురు గోధుమ చుక్కలు అద్ది, వాటిలో పెద్దవాటి నడుమ వెండిరంగు పెడితే లోతు వస్తుంది. లోహం ఒంటిలో కలిసే చోట చాలామంది నెత్తురు ఎరుపు వేస్తారు. అది నాకు సరిపడదు. పని చేస్తున్న జాగిలమంటే గాయం మానిన జాగిలం. వెంట్రుకలు లేని సన్నని పట్టీ ఒకటి, మాసిన గులాబీ బూడిదలో, దాని పక్కన ముదురు గీత చాలు.

లెన్స్ వెలుగు విషయంలో ఒక్క నియమం గుర్తుంచుకోండి: లెన్స్ నుంచి తిన్నగా చూస్తే కనబడే చోట్లకే దాని వెలుగు చేరుతుంది. కంటి గుంట అంచు, మూతి ఆ వైపు భాగం, అంతే. చెవి వెనక ఎరుపు పడదు. బొమ్మ మొత్తం పట్టపగటి వెలుగులో వేసి ఉంటే ఈ చిన్న దీపం ఎలాగూ తేలిపోతుంది కనుక, ముందుగా తలభాగాన్ని ఒక మెట్టు చీకటి చేయవలసి ఉంటుంది.

ప్రశ్న: బొమ్మలో హ్యాండ్లర్‌కు మూసిన హెల్మెట్, ప్రాణవాయువు గొట్టాలు ఉన్నాయి. కుక్కకు మాత్రం ఏమీ లేదు. మా ఆటల బృందంలో ఒకరు, "దానికి ఊపిరి అక్కర్లేదా?" అని నవ్వుతున్నారు. ఏమి చేయాలి?

జవాబు: నవ్వటం న్యాయమే. కుక్కలకు అంతరిక్షపు బట్టలు తొడగటం కల్పన కూడా కాదు. 1950ల నడిమి సంవత్సరాల్లో సోవియట్ రాకెట్లు మోసుకెళ్లిన కుక్కలకు పారదర్శకమైన గుండ్రని హెల్మెట్లు ఉన్న సూట్లు తొడిగారు. 1957 నవంబరు 3న లైకా కక్ష్యలోకి వెళ్లింది, తిరిగి రాలేదు. 1960 ఆగస్టు 19న బయలుదేరిన బెల్కా, స్త్రెల్కా మరునాడు ప్రాణాలతో దిగాయి.

మీకు రెండు దారులున్నాయి. మొదటిది, కుక్కకు కూడా గుండ్రని గాజు హెల్మెట్ పెట్టటం. పారదర్శకమైన ప్లాస్టిక్ అర్ధగోళాలు దొరికితే, తలకు రంగు, వార్నిష్ అన్నీ పూర్తిచేసి చివర అతికించండి. దీనికి సూపర్ గ్లూ వాడవద్దు. దాని ఆవిరి గాజులాంటి ప్లాస్టిక్ లోపలివైపు తెల్లని మంచులా పేరుకుపోయి, తుడవటానికి వీలు లేకుండా చేస్తుంది. తెల్లని పి.వి.ఏ. జిగురు ఆరాక పారదర్శకంగా మారుతుంది కనుక అదే మేలు.

రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం: కథను కుక్క వైపు నుంచి మార్చటం. ఆ గ్రహం మీద గాలి ఉంది, హ్యాండ్లర్ ముసుగు ధూళి కోసం పెట్టుకున్నాడు అనుకోండి. అప్పుడు ఆ ధూళి కనిపించాలి. అంగారకుడి మట్టి ఎర్రదనానికి ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పు, కారణం. బేస్‌కు అదే తుప్పు రంగు వేసి, దాన్నే బాగా పలచన చేసి హ్యాండ్లర్ బూట్లకు మడమ దాకా, కుక్కకు మోకాళ్ల దాకా, పొట్ట కింద కాస్త పట్టించండి. కుక్క నేలకు దగ్గర కనుక దానికి ఎక్కువ అంటుకుంటుంది. ఇద్దరి కాళ్లకూ ఒకే మట్టి అంటిందంటే ఇద్దరూ ఒకే దారిన నడిచి వచ్చారని వేరే చెప్పనక్కరలేదు. బేస్ మీది మెత్తని ముద్ద ఆరకముందే పుల్ల కొనతో నాలుగు వేళ్ల గుర్తులూ వాటి వెనక ఒక అరికాలి గుర్తూ నొక్కితే జాడ కూడా సిద్ధం. నోరు తెరిచిన బొమ్మ అయితే ఆ నాలుకను శ్రద్ధగా వేయండి; కుక్క తన వేడిని ప్రధానంగా రొప్పటం ద్వారానే పోగొట్టుకుంటుంది. నాలుకకు కుంకుమ ఎరుపు కాక, కొద్దిగా ఊదా కలిసిన గులాబీ వేయాలి.

ప్రశ్న: రెసిన్ బొమ్మ మీద ప్రైమర్ గరుకుగా, ఇసుక చల్లినట్లు వచ్చింది.

జవాబు: డబ్బాను మరీ దూరంగా పట్టి ఉంటారు, లేదా బాగా వేడిగా ఉన్నప్పుడు చల్లి ఉంటారు, రంగు బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి పొడిగా పడింది. 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం ఉంచి, ఆగి ఆగి చల్లండి. అంతకు ముందు బొమ్మను గోరువెచ్చని సబ్బునీటితో కడగటం మరవకండి. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు ఉంటే ప్రైమర్ నిలవదు. రెసిన్‌ను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, ముఖానికి మాస్కు పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్రశ్న: లీష్ (కుక్కను పట్టుకునే పట్టీ) విరిగిపోయింది. దారంతో మళ్లీ చేస్తే ముడతలు పడి వేలాడుతోంది. ఆటలో ఒక్కోసారి కుక్కను హ్యాండ్లర్ నుంచి విడిగా కదపవలసి వస్తుంది కూడా.

జవాబు: నిజమైన లీష్ పట్టీ రెండు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది; ఈ కొలతలో అది దాదాపు 0.4 మిల్లీమీటర్లు. విద్యుత్ తీగలోని సన్నని రాగి పోగు ఒకదాన్ని తీసి, నున్నని పట్టకారుతో నొక్కి చదును చేస్తే సరిగ్గా అంత వెడల్పు వస్తుంది, వంచినట్లు వంగి నిలుస్తుంది. ప్రైమర్ వేయనిదే రాగి మీద రంగు నిలవదు.

దాని వంపును కుక్క నిలబడిన తీరును బట్టి నిర్ణయించండి. కుక్క ముందుకు వంగి, ముందరి కాళ్లు బిగదీసి ఉంటే లీష్ తిన్నగా, హ్యాండ్లర్ చేయి కూడా అదే గీతలో ఉండాలి. కుక్క కూర్చొనో, తల తిప్పి చూస్తూనో ఉంటే లీష్ నడుమ భాగం కిందికి జారాలి. బిగుసుకున్న లీష్ చివర తీరికగా కూర్చున్న కుక్క కంటికి పొసగదు. విడిగా కదపవలసి వచ్చినప్పుడు మాత్రం ఇద్దరినీ కలిపే తీగ వద్దు, నాలుగు ఆటల్లోనే అది మళ్లీ విరుగుతుంది. హ్యాండ్లర్ పిడికిలిలో చుట్టిన లీష్‌ను వేలాడదీసి, కుక్క మెడపట్టీకి ఒక ఖాళీ కొక్కెం పెట్టండి. ఇప్పుడే వదిలినట్లు ఉంటుంది. కుక్క కాళ్లు సన్నగా ఉండి బేస్ నుంచి ఊడుతుంటే అర మిల్లీమీటరు రంధ్రం చేసి, ఇదే రాగిపోగు ముక్కను అరికాలిలో మేకులా దింపి, సూపర్ గ్లూతో అతికించండి.

ప్రశ్న: మాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టాక నల్లకుక్క తెల్లబడింది. మళ్లీ రంగు వేయాలా?

జవాబు: వానరోజున కొట్టి ఉంటారు. నాకూ ఒకసారి సరిగ్గా ఇలాగే, నెల రోజులు వేసిన జంట మీద జరిగింది. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడో, పూత మందంగా పడినప్పుడో మాట్ వార్నిష్ ఇలా పొగమంచులా తెల్లబడుతుంది. రంగు జోలికి వెళ్లకుండా, పొడి వాతావరణం ఉన్న రోజు చూసి దాని మీద గ్లాసీ (నిగనిగలాడే) వార్నిష్‌ను కుంచెతో పలుచగా వేయండి. చాలాసార్లు తెలుపు మాయమవుతుంది. అది పూర్తిగా ఆరాక మాట్ వార్నిష్‌ను ఈసారి కుంచెతోనే, ఒక్క పలుచని పూతగా వేసి, మరునాడు ముక్కు కొన మీద, కళ్ల మీద, నాలుక మీద మాత్రం గ్లాసీ వార్నిష్ చుక్కలు పెట్టండి.